ఆక్లాండ్‌కు ఇంకా మూడు వందలు

ఒక్కో విమానానికి నలభై నిమిషాలు ఇస్తరు.
దుప్పట్లు గుంజుడు, సీటు జేబులల్ల చెయ్యి పెట్టుడు,
బెల్టులను కత్తెర తీరు మలిచి పెట్టుడు.

ఆక్లాండ్ నుంచి వచ్చేది దోహాల తెల్లారకముందే దిగుతది.
అండ్ల ఒక వాసన ఉంటది:
పదిహేడు గంటల నిద్ర, చల్లారిన కాఫీ,
ఎవరిదో పసిపిల్ల కక్కిన పాలు.
ముప్పై తొమ్మిదో వరుసల ఒక తెర ఇంకా వెలుగుతాంది.
దాని మీద భూమి మొత్తం, ఒక వంకర గీత,
గీత కింద పద్నాలుగు వేల ఐదు వందల కిలోమీటర్లు.
మిగిలిన దూరం: సున్న.
సున్న మీద ఎవరిదో వేలిముద్ర ఉండె.
తుడిచిన.

మా దిక్కు దూరాన్ని బీడీలతోని కొలుస్తరు.
కోరుట్ల అంగడికి రెండు బీడీలు,
కాలువ కాడికి ఒకటి, అది గూడ సగంల ఆర్పి చెవిల పెట్టుకునేటంత.
పద్నాలుగు వేల ఐదు వందలకు ఎన్ని కట్టలైతయని
తిల్ బహదూర్‌ను అడిగిన.
ఆయనది పోఖరా అవతల, ఎక్కుడు దిగుడు తప్ప దూరం తెల్వని మనిషి.
"నడుమ కొండలున్నయా?" అన్నడు.
సముద్రం ఉన్నది అన్న.
"అయితే దగ్గరనే."

ఆ రాత్రి సనాయియా క్యాంపుల, పై మంచం మీద,
ఫోను వెలుతురుల, పాలపొడి డబ్బా అట్ట మీద రాసిన:
తోక నుంచి ముక్కుకు అరవై రెండు మీటర్లు,
విమానానికి నాలుగు తిరుగుళ్లు, డ్యూటీకి పద్నాలుగు విమానాలు.
దినాం మూడున్నర కిలోమీటర్లు.
నెలకు ఇరవై ఆరు దినాలు,
ఊరికి పోయిన నెలలు తీసేసి,
జ్వరం పట్టిన దినాలు తియ్యకుంట
(జ్వరంల గూడ నడిచిన),
పద్నాలుగేండ్ల ఏడు నెలలు.

పద్నాలుగు వేల రెండు వందలు వచ్చింది.
మళ్ల కూడిన. అదే వచ్చింది.
కింది మంచపాయన లైటు ఆర్పుమని తిట్టిండు.

అంటే నేను
ఆగి ఉన్న విమానాలల్లనే నడుచుకుంట, నడుచుకుంట
ఇసుక దాటిన, అరేబియా సముద్రం దాటిన.
మూడో ఏట మన దేశం మీదికెల్లి పోయిన.
అప్పుడు లెక్క తెల్వకపాయె, కిందికి చూడలే.
ఆ ఏడే మా అన్న బోరుల నీళ్లు పడ్డయి.
కరోనా వచ్చినప్పుడు నడి సముద్రం మీద ఆగిన,
ఐదు నెలలు, ఇంజిన్లకు సంచులు కట్టిన విమానాలను
దూరం నుంచి చూసుకుంట.
ఇప్పుడు కింద ఏమున్నదో తెల్వదు. నీళ్లే కావచ్చు.

నిన్న వీల్‌ఛెయిర్ కోసం ఒక ముసలామె
అందరు దిగినంక గూడ కూసోని ఉన్నది.
మోకాళ్ల మీద సంచి, సంచిల అల్లే సూదులు.
వచ్చిన ఇంగ్లీషుల అడిగిన, ఆక్లాండ్ ఎట్లుంటదని.
"నేను బయలెల్లేటప్పుడు వాన" అన్నది.
"ఇక్కడెట్లుంటది?" అని నన్ను అడిగింది.
చెప్పుదామనే నోరు తెరిచిన.
నాకు ఎరుకైన దోహా అంటే బస్సు అద్దం, గేటు, ఈ సందు.
"వేడి" అన్న.
ఇద్దరం ఎక్కువ చెప్పుకున్నట్టే అనిపించింది.

ఉగాండా పిల్ల నకాతో మా సూపర్‌వైజరైంది.
వచ్చే నెల నుంచి నిన్ను లాంజికి మారుస్తున్న అన్నది.
నూరు రియాళ్లు ఎక్కువ, నడిచేది తక్కువ,
ఒక్క కాడ నిలవడి గ్లాసులు సర్దుడే.
మూడు నెలల పదిహేను దినాలు ఆగుమన్న.
ఎందుకన్నది.
ఏం చెప్పాలె?
నూరు రియాళ్లకు ఎవడన్న నీళ్ల మీద దిగిపోతడా?
మోకాలు బాగలేదన్న. అది అబద్ధమని నా నడకే చెప్తాంది.
ఆమె నా బ్యాడ్జి దిక్కు, బూట్ల దిక్కు చూసింది,
కాగితం మీద ఏదో కొట్టేసింది.

పదకొండో నంబరు గేటుకు బస్సు వచ్చింది.
తోక దిక్కు నుంచి మొదలుపెట్టిన.